డిష్‌కు ఎత్తు అక్కర్లేదు అల్లుడూ

ఆమదాలవలస

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. కొత్త ఇంటికి డిష్ నువ్వే బిగించుకుంటానంటున్నావనీ, వాటర్ ట్యాంకు దిమ్మ మీద పదడుగుల ఇనప పైపు నిలబెట్టి దాని కొసన డిష్ పెడతానంటున్నావనీ చెప్పింది. నువ్వే చేసుకోవడం నాకు సంతోషమే, నీ చేతికి పని వచ్చు. ఆ పైపు మాత్రం వద్దు. ఇంకా కొనకపోతే ఆగు, కొనేసి ఉంటే కోయించి పొట్టిగా వాడుకో. ఫోన్లో చెబితే సగం గుర్తుండదని కూర్చుని రాస్తున్నాను. పని మొదలుపెట్టే ముందు మొత్తం ఒకసారి చదువు.

పెద్ద జాలీ డిష్‌ల కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ఎత్తు పెడితే బొమ్మ బాగా వస్తుందన్న నమ్మకం పాత దూరదర్శన్ యాంటెన్నాల నాటిది. అప్పట్లో సిగ్నల్ నేల మీది టవర్ నుంచి అడ్డంగా వచ్చేది. మధ్యలో కొండో తోటో ఉంటే ఆగిపోయేది. అందుకే వెదురు గడకు కట్టి ఎంత పైకి లేపితే అంత మంచిది. డిష్‌కు వచ్చే సిగ్నల్ భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల పైనుంచి దిగుతుంది. అంత దూరం నుంచి వచ్చేదానికి మనం పదడుగులు ఎదురు వెళ్తే ఒరిగేదేమీ లేదు. ఆకాశంలో ఆ ఒక్క చోటు అడ్డు లేకుండా కనపడితే చాలు. అది పెరట్లో నేల మీద నుంచి కనపడితే నేల మీదే పెట్టు. దాని వల్ల గాలి బాధ, కరెంటు తీగల భయం, పైకెక్కి జారే ప్రమాదం మూడూ ఒకేసారి తగ్గుతాయి. ఈ ఉత్తరంలో మిగతాదంతా ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు.

ఆ చోటు ఎక్కడుందో చెబుతాను. నెలనెలా డబ్బు కట్టక్కర్లేని డీడీ ఫ్రీడిష్ సిగ్నల్ మనకు జీశాట్-15 నుంచి వస్తుంది. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్ మీద వెళ్లిన ఉపగ్రహం అది. భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమితో సమంగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి మనకు కదలనట్టే లెక్క. మన జిల్లా 84 డిగ్రీలకు అటూ ఇటూ ఉంది. అందుకని అది మనకు దక్షిణాన, కొంచెం తూర్పుకు జరిగి కనపడుతుంది. దక్షిణం నుంచి తూర్పుకు విజయనగరంలో సుమారు 30 డిగ్రీలు తిప్పాలి, శ్రీకాకుళంలో 28, మీ సోంపేట వైపు 26. ఫోన్లో దిక్సూచి ఉత్తరం నుంచి లెక్కపెడుతుంది కాబట్టి నువ్వు 154 దగ్గర చూడాలి. ఎత్తు కోణం మూడు చోట్లా ఒకటే, 66 డిగ్రీలు.

ఒకవేళ అమ్మాయి సీరియళ్ల కోసం డబ్బు కట్టే కనెక్షనే తీసుకుంటే దిక్కు మారుతుంది. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల దగ్గర ఉన్నాయి, అంటే దాదాపు మన రేఖాంశమే, డిష్ నేరుగా దక్షిణానికి చూస్తుంది. ఎయిర్‌టెల్‌ది 108.2 దగ్గర ఉంది, ఆగ్నేయం దాటి ఇంకాస్త తూర్పుకు తిరగాలి, ఎత్తు కూడా 55 డిగ్రీలకు దిగుతుంది. ఏది తీసుకోవాలో మీ ఇద్దరూ కూర్చుని, చూసే ఛానళ్లు అందులో ఉన్నాయో లేదో చూసి తేల్చుకోండి. కానీ చోటు వెతికే ముందే తేల్చుకోండి.

66 డిగ్రీలంటే నడినెత్తికి దగ్గరే. ఉద్దానంలో ఉన్న నీకు ఇది పెద్ద వరం. డిష్ ముందు అడుగు దూరంలో ఉన్న అడ్డు, డిష్ కంటే రెండుంపావు అడుగులు పైకి లేస్తే తప్ప సిగ్నల్‌కు తగలదు. ఆ లెక్కన డిష్ కంటే 30 అడుగులు ఎత్తున్న కొబ్బరి చెట్టు 14 అడుగుల అవతల ఉంటే ఏమీ కాదు. దూరం మాను నుంచి కొలవకు, మట్టల కొస నుంచి కొలువు. గాలికి మట్టలు ఊగుతాయి, చెట్టు పెరుగుతుంది, అందుకని ఇంకో నాలుగైదు అడుగులు వదులు. చెట్టు కిందకి మాత్రం తీసుకెళ్లకు. కాయ పడినా ఎండుమట్ట పడినా డిష్ సొట్టపోతుంది, సొట్టపోయిన డిష్‌ను ఎంత తిప్పినా మునుపటి క్వాలిటీ రాదు. పనస, జీడిమామిడి దగ్గర ఇంకా జాగ్రత్త. కొబ్బరి ఆకుల సందుల్లోంచి ఒక్కోసారి సిగ్నల్ దూరుతుంది, పనస గుబురులోంచి దూరదు. వాన పడి ఆకులు తడిస్తే అసలే దూరదు.

ఇప్పుడు గాలి సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. అప్పుడు నువ్వు హైదరాబాదులో చదువుకుంటున్నావు. కరెంటు వచ్చాక మీ వైపు ఊళ్లకు డిష్‌లు సరిచేయడానికి వచ్చాను. ట్యాంకుల మీద పొడుగు పైపులకు పెట్టినవి మెడ దగ్గర మడతపడి వేలాడుతున్నాయి. రెండు మూడు ఇళ్లలో పైపు మొదట్లో బోల్టులు పిట్టగోడ ఇటుకలతో సహా ఊడొచ్చాయి. ఒక ఇంట్లో మాత్రం ఆ ఇంటాయన పెరట్లో బావి పక్కన నడుమెత్తు పైపు మీద పెట్టుకున్న డిష్‌కు తుప్పు తప్ప ఇంకేమీ కాలేదు. చుట్టూ కొబ్బరి చెట్లు కూకటివేళ్లతో లేచిపోయి ఉన్నాయి.

లెక్క కూడా అదే చెబుతుంది. 60 సెంటీమీటర్ల డిష్‌కు 150 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే సుమారు 40 కిలోల తోపు పడుతుంది. పదడుగుల పైపు కొసకు తాడు కట్టి ఒక మనిషి పక్కకు గుంజుతూ ఉన్నట్టే. అదే డిష్ రెండడుగుల పైపు మీద ఉంటే మొదట్లో పడే భారం ఐదో వంతే. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది కాబట్టి మామూలు గాలికి కదలకుండా నిలబడిందని ధీమా పడకూడదు. 90 సెంటీమీటర్ల డిష్ కొనమని ఎవరైనా అంటే కూడా ఇది గుర్తుపెట్టుకో. దాని మీద గాలి తోపు రెండుంపావు రెట్లు. ఫ్రీడిష్‌కు మనకు 60 సరిపోతుంది.

మీ ఇంటి వీధి వైపు 11 కేవీ లైను వెళ్తోందని గృహం శంకుస్థాపనప్పుడే చూశాను. ఆ తీగలకు పై తొడుగు ఉండదు. చేతిలో ఇనప పైపు ఉన్నప్పుడు అది తూలి పడితే తీగను తాకే దూరంలో నువ్వు ఉండనే కూడదు. పైపు పొడవుకు ఇంకో పదడుగులు కలిపి, అంత దూరం లేని చోట డిష్ ఆలోచనే మానుకో. డాబా మీద పైపును నిలువుగా పట్టుకుని నడవకు, అడ్డంగా మోసుకెళ్లు, చివర్న ఇంకొకరు పట్టుకోవాలి. అల్యూమినియం నిచ్చెన వద్దు. ఒకవేళ డిష్ గానీ వైరు గానీ ఎగిరి లైను మీద పడితే కర్రతో తీయబోకండి, 1912కి ఫోన్ చేసి లైన్‌మన్ వచ్చేదాకా ఎవరినీ దగ్గరికి రానీయకండి. ఈ ఒక్క విషయంలో నా మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను.

నా సలహా ఏమిటంటే, ఇంటి వెనక తూర్పు పెరట్లో పెట్టు. వీధికి దూరం, ఆగ్నేయం వైపు మీ నాన్న వేసిన కొబ్బరి మొక్కలు ఇంకా చిన్నవే, పెద్దవైనా దూరం సరిపోతుంది. అడుగున్నర వెడల్పు, అడుగున్నర పొడవు, రెండడుగుల లోతు గొయ్యి తవ్వించు. మీది ఇసక నేల కాబట్టి ఇంకో అర అడుగు లోతుకు వెళ్లినా తప్పులేదు. రెండంగుళాల జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనప పైపు, అయిదారు అడుగులది తీసుకో. అడుగు భాగంలో ఇనప చువ్వ ముక్కను అడ్డంగా వెల్డింగ్ చేయించు, లేకపోతే ఏడాది తిరిగేసరికి పైపు కాంక్రీటులో గిర్రున తిరుగుతుంది. పైన మూడడుగులు మిగిలితే చాలు. పై మూతికి మూత పెట్టు, వాన నీరు లోపలికి దిగి లోపల్నించి తుప్పు పడుతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇనుము బేగి పాడవుతుందని నీకు నేను చెప్పక్కర్లేదు, నట్లకూ బోల్టులకూ గ్రీజు పట్టించు, మామూలు ఇనపవి కాకుండా స్టెయిన్‌లెస్ స్టీలువి దొరికితే అవి వాడు. గేదెలు ఒళ్లు రుద్దుకుంటాయి, చుట్టూ చిన్న కంచె కట్టు.

పైపు నిలబెట్టేటప్పుడు తొందరపడకు. మేస్త్రి దగ్గరున్న తూకం గుండు అడిగి తీసుకుని, పైపుకు రెండు పక్కల, ఒకదానికొకటి అడ్డదిక్కుగా వేలాడదీసి చూడు. దారానికీ పైపుకూ మధ్య సందు పైనా కిందా ఒకటే ఉండాలి. పైపు వాలితే డిష్ మీద అచ్చేసిన డిగ్రీల గీతలన్నీ అబద్ధాలవుతాయి. తర్వాత బిగింపు దగ్గర గంటలు గంటలు తన్నుకునేవాళ్లలో చాలామందికి అసలు తేడా ఇక్కడే ఉంటుంది. కాంక్రీటుకు వారం రోజులు నీళ్లు పెట్టి, ఆ తర్వాతే డిష్ ఎక్కించు.

ఏ కారణం చేతైనా డాబా మీదే పెట్టాల్సి వస్తే పిట్టగోడ ఇటుకకు బిగించకు, స్లాబుకు కన్నాలు కొట్టకు. కన్నం పడిన చోట మొదటి వానకే కారడం మొదలవుతుంది. మేస్త్రి చేత స్లాబు మీద కాంక్రీటు దిమ్మ పోయించి అందులో పొట్టి పైపు పాతించు, లేదంటే కాంక్రీటు స్తంభం పక్కకు యాంకర్ బోల్టులతో బ్రాకెట్ వేయించు. వంటపాక మీద సిమెంటు రేకులున్నాయి, వాటి మీద అడుగు పెట్టొద్దు. మీ డాబాకు ఇంకా పిట్టగోడ కట్టలేదు కదా. కట్టేదాకా పైన ఏ పనీ వద్దు. పని చేసేటప్పుడు డిష్ వైపే చూస్తూ వెనక్కి వెనక్కి అడుగులేస్తాం, అంచు ఎక్కడుందో తెలియదు. లుంగీతో నిచ్చెన ఎక్కకు. ఒంటరిగా ఎక్కకు.

ఇంకో మాట, గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే వైరు కోసం ప్రత్యేకంగా ఒక పీవీసీ పైపు గోడలో పెట్టించు. కరెంటు వైర్లున్న పైపులోనే దీన్ని కూడా తోయమని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోకు. వైరు ఆర్‌జీ-6 కొను, రాగి ఎక్కువున్నది, మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క. ఎక్కడా మడత పెట్టి నలపకు, వంపు తిరిగే చోట గుండ్రంగా తిప్పు. బయట గోడలోకి దూరే ముందు వైరును కిందికి దించి మళ్లీ పైకి తీసుకెళ్లు. వాన నీరు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతుంది, లోపలికి రాదు.

కనెక్టర్ బిగించడం చిన్న పనిలా కనపడుతుంది, నేను చూసిన ఫిర్యాదుల్లో మాత్రం ఎక్కువ దానివే. పై తోలు తీశాక జల్లెడ తీగను వెనక్కి మడిచి, లోపలి తెల్ల తోలును కోసి రాగి తీగను బయటికి తీయాలి. కనెక్టర్ మూతి దాటి రాగి రెండు మూడు మిల్లీమీటర్లు కనపడాలి. జల్లెడ తీగలోంచి ఒక్క వెంట్రుక లాంటి పోగు రాగికి తగిలినా షార్టే. టీవీ దగ్గరుండే సెట్‌టాప్ బాక్స్ నుంచి ఆ వైరులోనే ఎల్ఎన్‌బీకి, అంటే డిష్ ముందు చేతి కొసన సిగ్నల్ అందుకునే ముక్కకు, 13, 18 వోల్టుల కరెంటు వెళ్తుంది కాబట్టి, వైరు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ బాక్స్ ప్లగ్ పీకేసి ఉండాలి. ఎల్ఎన్‌బీ దగ్గర కనెక్టర్‌కు రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద మామూలు టేపు వెయ్యి. ఉప్పుగాలి ఒకసారి లోపలికి దూరితే రాగి పచ్చబడి ఏడాదిలో సిగ్నల్ పోతుంది.

ఇక అసలైన తిప్పడం. కొత్తవాళ్లు అందరూ తికమకపడేది ఇక్కడే. ఇంటి డిష్‌ల పళ్లెం నిజంగా చూస్తున్న చోటు కంటే దాదాపు పాతిక డిగ్రీలు కిందికి చూస్తున్నట్టు కనపడుతుంది. ఎల్ఎన్‌బీ మధ్యలో కాకుండా కింద ఉండటమే కారణం. కాబట్టి ఉపగ్రహం 66 దగ్గరుంటే పళ్లెం 40కి వాలినట్టుంటుంది, అదే సరి. కంటి లెక్క వదిలేసి బ్రాకెట్ మీది గీతను 66కు పెట్టు. దిక్సూచిని పైపు పక్కన పెట్టి చూడకు, ఇనుము దాన్ని తప్పు దారి పట్టిస్తుంది. నాలుగడుగులు దూరం జరిగి, 154 వైపు దూరంగా కనపడే చెట్టునో ట్యాంకునో గుర్తు పెట్టుకుని, డిష్‌ను ఆ గుర్తుకు తిప్పు.

బాక్స్‌లో సిగ్నల్ పేజీ తెరిచి టీవీ దగ్గర అమ్మాయిని కూర్చోబెట్టు, ఫోన్ స్పీకర్లో పెట్టుకో. స్ట్రెంత్ అంకెను పట్టించుకోకు, ఎల్ఎన్‌బీకి కరెంటు అందితే చాలు డిష్ ఎటు చూస్తున్నా అది చూపిస్తుంది. క్వాలిటీ పెరగాలి. వేలెడు తిప్పి ఆగు, నాలుగైదు సెకన్లు. బాక్స్ ఆలస్యంగా పలుకుతుంది, ఆగకుండా తిప్పేవాడు దాన్ని దాటిపోతాడు. మన దగ్గర ఉపగ్రహం అంత ఎత్తులో ఉండటం వల్ల ఇంకో సంగతి ఉంది. డిష్‌ను పక్కకు రెండు డిగ్రీలు తిప్పినా చూపు ఒక డిగ్రీ కూడా కదలదు. పైకీ కిందికీ మాత్రం ఎంత తిప్పితే అంత కదులుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ డిగ్రీన్నర తప్పితే సగం బలం పోతుంది. అందుకని పక్కకు తిప్పడం సులువుగా కుదురుతుంది, ఎత్తు దగ్గరే ఓపిక కావాలి.

బొమ్మ రాగానే ఆపేస్తే మన వానలకు నిలవదు. క్వాలిటీ తగ్గేదాకా ఒక పక్కకు తిప్పి గీత పెట్టు, తగ్గేదాకా రెండో పక్కకు తిప్పి గీత పెట్టు, రెంటికీ మధ్యలో నిలుపు. ఎత్తుకూ అలాగే. చివర్న ఎల్ఎన్‌బీని దాని పట్టులో కొద్దికొద్దిగా తిప్పి చూడు, ఎటు పెరుగుతుందో అంకెలే చెబుతాయి. నట్లను ఒకదాన్నే పూర్తిగా బిగించకుండా వంతుల వారీగా బిగించు, బిగించేటప్పుడే డిష్ కాస్త జరుగుతుంది. పక్కనే 91.5 దగ్గరా 95 దగ్గరా వేరే ఉపగ్రహాలు ఉన్నాయి, కాబట్టి ఛానళ్లు స్కాన్ చేసి డీడీ సప్తగిరి వచ్చాకే పని అయినట్టు. అన్నీ అయ్యాక పైపుకూ క్లాంపుకూ కలిపి పెయింటుతో ఒక గీత గియ్యి. ఆ గీత ఎందుకో కింద చెబుతాను.

పిడుగుల విషయం. నేరుగా పడితే ఏ ఎర్తింగూ డిష్‌ను కాపాడలేదు, కానీ దగ్గర్లో పడినప్పుడు వైరులో పుట్టే కరెంటును భూమిలోకి పంపొచ్చు. పైపు నుంచి 8 గేజి జీఐ తీగ వంపులు లేకుండా తిన్నగా తీసుకెళ్లి ఇంటి ఎర్తింగ్‌కే కలుపు. డిష్‌కు వేరే గొయ్యి తవ్వి ఇంటి ఎర్తింగ్‌తో కలపకుండా వదిలేయకు, రెంటి మధ్య తేడా వచ్చి టీవీలోంచే పారుతుంది. వేసవిలో సాయంత్రాలు ఉరుము వినపడగానే టీవీ, బాక్స్ ప్లగ్గులు పీకడమే కాదు, డిష్ వైరు కూడా బాక్స్ వెనక నుంచి తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు. ఈ పని అమ్మాయికీ పిల్లలకీ కూడా నేర్పు, కానీ ఉరుములు నెత్తి మీదికి వచ్చేశాక వైరు ముట్టుకోకూడదని కూడా చెప్పు. ఫోన్లో దామిని యాప్ పెట్టుకో, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే ముందే చెబుతుంది.

తుపాను హెచ్చరిక వస్తే, గాలి మొదలవకముందే, నాలుగు నట్లు విప్పి డిష్ పళ్లెం ఇంట్లో పెట్టేసుకో. పెయింటు గీత ఉంది కాబట్టి మళ్లీ పెట్టడం అరగంట పని. డిష్ నడుమెత్తులో ఉంటేనే ఇది కుదురుతుంది, ట్యాంకు మీదుంటే ఎవరూ ఎక్కరు, ఎక్కకూడదు కూడా. గాలి మొదలైపోతే వదిలేయ్, పోతే పోయింది, ఇంకోటి కొనుక్కుందాం.

జోరు వానలో కాసేపు బొమ్మ ఆగితే టెన్షన్ పడి డిష్ కదపకు, వాన తగ్గగానే వస్తుంది. అలాగే మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు ఉదయం 11 ప్రాంతంలో నిమిషాల పాటు సిగ్నల్ పడిపోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. అప్పుడు ఎండలో ఎల్ఎన్‌బీ నీడ డిష్ మీద ఎక్కడ పడుతోందో చూసి గుర్తుపెట్టుకో. తర్వాతెప్పుడైనా డిష్ జరిగిందని అనుమానం వస్తే మళ్లీ అవే రోజుల్లో అదే వేళకు చూసి పోల్చుకోవచ్చు.

డబ్బు కట్టే కనెక్షన్ తీసుకుంటే కంపెనీ కుర్రాడు వస్తాడు. పాపం వాడికి రోజుకు బోలెడు ఇళ్లు, తనకు సులువైన చోట, మామూలుగా పిట్టగోడకు, నాలుగు మేకులతో బిగించేసి పోతాడు. పైపూ ఎర్తింగూ గోడలో వైరు పైపూ ముందే సిద్ధంగా పెట్టి, ఇక్కడే బిగించమని నువ్వే చెప్పాలి. ఎండన పడి వచ్చినవాడికి మజ్జిగ ఇవ్వు, నెమ్మదిగా చేస్తాడు.

గొయ్యి తవ్వే ముందు పెరట్లో నిలబడి 154 వైపు ఫోటో తీసి పంపు, చెట్లు ఎక్కడున్నాయో నేనూ చూస్తాను. పైపు నిలబెట్టాక తూకం గుండుతో సహా రెండు వైపులా ఇంకో రెండు ఫోటోలు. అవి చూసి సరే అన్నాకే కాంక్రీటు పోయించు. కనెక్టర్లు, రబ్బరు టేపు, ఎర్త్ తీగ నా దగ్గర మిగిలినవి ఉన్నాయి, కొనకు. బావ సోమవారం ఇటు వస్తాడట, ఆయనకిచ్చి పంపుతాను.

నీ మేనమామ